భావికాల భయకథలు - మన బాలుర చదువు

బాలురకు బోధింపదగిన గ్రంథములెవ్వి, తగనివెవ్వి యను చర్చ మన దేశమున క్రొత్తది కాదు. అయినను కొంతకాలముగా ఈ చర్చ క్రొత్త రూపము దాల్చినది. యంత్రబలమును, శాస్త్రజ్ఞానమును, రాజ్యాధికారమును ఏకమై మనుష్యుని బానిసగా జేసిన భావికాలమును వర్ణించు నవలలు పాశ్చాత్య దేశముల ఉన్నత పాఠశాలలలో పాఠ్యగ్రంథములై పెక్కు దశాబ్దములైనది. ఆంగ్లేయులు వీనిని డిస్టోపియా నవలలందురు. రామరాజ్యమునకు సరిగా ఎదురైన రాజ్యమును చిత్రించునవి గావున మనము వీనిని దుర్లోక కథలనవచ్చును. వీనిని మన పల్లెటూళ్ల బాలబాలికలకు బోధింపవచ్చునా, బోధించిన మేలు గలుగునా, కీడు గలుగునా యనునది నేటి ప్రశ్న. బోధింపవలయుననియే మా యభిప్రాయము. అయితే ఏ వయస్సున, ఏ భాషలో, ఏ రీతిని బోధింపవలయునో నిర్ణయింపక బోధించుటకంటె బోధింపకుండుటయే మేలనియు మా యభిప్రాయమే.

ఈ విషయమును మహానగరములలోని ధనికుల పాఠశాలలను మనస్సునందుంచుకొని విచారించుట సులభము. మేమట్లు చేయదలపలేదు. బైరెడ్డిపల్లెను దృష్టియందుంచుకొని విచారింతము. ఒకవైపు కన్నడదేశము, మఱియొకవైపు తమిళదేశము చేరువనుండగా నడుమ నున్న తెలుగుసీమ యిది. తెలుగు, కన్నడము, అరవము, ఉర్దూ నాలుగును సంతలో వినబడును. మల్బరీ తోటలును, టమాటా మళ్లును, పాడిపశువులును ఇచ్చటి రైతునకు ఆధారములు. 1990 లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యము నుండి ఏనుగులు దిగి పంటల పాలబడినపుడు రాత్రులు జాగారము చేయు రైతుల పిల్లలే ఇచ్చటి పాఠశాలలలో చదువుచున్నారు. ఇట్టి పిల్లలకు రాబోవు శతాబ్దములోని యంత్రరాక్షసుల కథలెందుకని కొందఱడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొట్టమొదట ఒక సంగతి గుర్తింపవలయును. మనము బోధించినను బోధింపకున్నను ఈ కథలు మన పిల్లలను చేరియే యున్నవి. 2024 జూను 27 వ తేదీన విడుదలయైన 'కల్కి 2898 ఏడీ' చలనచిత్రమును చూడని తెలుగు బాలుడు అరుదు. గంగ యింకిపోయిన కాశీపట్టణమును, నేలమీది నీటిని పచ్చదనమును తనలోనికి దోచుకొని ఆకాశమున వ్రేలాడు అధికార దుర్గమును తెలుగు దర్శకుడు నాగ్ అశ్విన్ అందు చూపెను. పిల్లలు దానిని వెండితెరమీదను, పిమ్మట సెల్ ఫోనులలోను చూచిరి. యుద్ధములు చూచి ఈలలు వేసిరి. ఆ నీరు ఎందుల కింకినది, ఆ దుర్గమును మొదట కట్టనిచ్చిన వారెవరు అని వారిచేత ఆలోచింపజేసిన ఉపాధ్యాయులెందఱు? భయము ఇంటిలోనికి వచ్చినది. భయమునుండి పుట్టవలసిన ఆలోచన మాత్రము రాలేదు. దానిని రప్పించుటకే చదువు.

దుర్లోక వర్ణనము పరదేశపు వస్తువనియు, మన సంస్కృతికి సరిపడదనియు అనువారున్నారు. వారు మన గ్రంథములను మఱచినవారు. భారతము అరణ్యపర్వమున మార్కండేయ మహర్షి ధర్మరాజునకు చెప్పిన కలియుగధర్మములేమి? భాగవతము ద్వాదశస్కంధమునందలి రాజుల దుర్వర్తనమేమి? మన రాయలసీమలోనే కందిమల్లయపల్లెలో వెలసిన శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారి కాలజ్ఞానమును ఇంటింట తలచుకొనుచునే యున్నారు గదా! రాబోవు దుర్దినములను కన్నులకు గట్టినట్లు చెప్పుట తెలుగువానికి తాతముత్తాతలనాటి విద్య.

అయినను ఈ రెండు విధముల కథలకు నొక గొప్ప భేదము కలదు. దానిని మఱువరాదు. మన పురాణములలోని దుష్కాలము కాలగతిచే వచ్చును; కాలగతిచేతనే పోవును. దానిని తొలగించుటకు కల్కి యవతరించును, వీరభోగవసంతరాయలు విచ్చేయును. మనుష్యుడు చేయవలసినది ఓర్పుతో ధర్మమును నిలుపుకొనుట. పాశ్చాత్య దుర్లోక నవలలో అవతారపురుషుడు రాడు. అందలి కీడు గ్రహచారమువలన గాక మనుష్యుల చేతలవలన, అంతకంటె నెక్కువగా మనుష్యుల ఉపేక్షవలన వచ్చును. అది జోస్యము కాదు, హెచ్చరిక. జోస్యము విన్నవాడు తలవ్రాతయని నిట్టూర్చును; హెచ్చరిక విన్నవాడు లేచి తలుపు గడియ వేయును. ప్రజాస్వామ్యమున ఓటుహక్కు పొందబోవు బాలునకు ఈ రెండవ గుణమే మిక్కిలి కావలసినది. అట్లని మొదటిదానిని త్రోసివేయుమని మేమనము. రెండింటిని పోల్చి చూపగల యుపాధ్యాయుడు మన పిల్లలకు లండను బాలునికి లేని సంపదను చూపినవాడగును.

ఈ నవలలు మన దేశమునకును, మన సీమకును దూరపువి కావని చూపుటకు కొన్ని విషయములు మనవి చేసెదము. దుర్లోక కథలలో ప్రసిద్ధమైన 'బ్రేవ్ న్యూ వరల్డ్' ను ఆల్డస్ హక్స్‌లీ 1932 లో ప్రకటించెను. ఆయన 1895 లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి గారికి ఆప్తమిత్రుడు. 1954 లో వెలువడిన కృష్ణమూర్తి గారి 'ది ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడమ్' గ్రంథమునకు పీఠిక వ్రాసినది ఆయనయే. 1946 లో అమెరికాలోని ఓహాయి యందు హ్యాపీ వ్యాలీ పాఠశాలను నెలకొల్పిన వారిలోను ఆ యిరువురు నున్నారు. ఆ పాఠశాల యిపుడు అనిబిసెంటమ్మగారి పేర నడచుచున్నది. 1915 లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించినది ఆ యమ్మయే గదా! మానవులను సీసాలలో తయారుచేయు లోకమును ఊహించి భీతిల్లిన రచయిత, భయముతో తృప్తి పడక, మన సీమ బిడ్డతో కలసి పిల్లలకు బడి పెట్టుటకు పూనుకొనెను. భయకథకు తగిన ఫలశ్రుతి యిదియే.

ఆ నవలలో శిశువు పుట్టకమునుపే వాని కులము నిర్ణయమగును. ఐదు శ్రేణులు. క్రింది శ్రేణివారికి సీసాలోనే ప్రాణవాయువును తగ్గించి బుద్ధిని కుదింతురు. పిమ్మట నిద్రలో పాఠములు వినిపించి, ఎవని శ్రేణి వానికే మేలైనదని నమ్మింతురు. ఇంగ్లండు బాలునకు ఇది వింత కల్పన. మన బాలునకు వింత కాదు. పుట్టుకతోనే పనియు, చోటును, మర్యాదయు నిర్ణయింపబడిన సంఘము వాని వీధి చివరనే కలదు. ఈ పుస్తకమును చదివిన రైతుబిడ్డ తన యింటి పాలేరు కొడుకు చదువు ఎందుల కాగినదని అడిగినచో తండ్రికి కష్టము తోపవచ్చును. ఆ ప్రశ్నకు భయపడి పుస్తకమును మూయుట ధర్మము కాదు.

'యానిమల్ ఫారం' (1945), '1984' (1949) అను నవలలను వ్రాసిన జార్జి ఆర్వెల్ 1903 లో బీహారమునందలి మోతీహారిలో పుట్టెను. తండ్రి నల్లమందు శాఖలో సర్కారు ఉద్యోగి. ఆ పట్టణమునకే 1917 లో గాంధీమహాత్ముడు వచ్చి చంపారను నీలిమందు రైతుల కష్టములను విచారించెను. ఆర్వెల్ 1922 మొదలు 1927 వఱకు బర్మాలో పోలీసు ఉద్యోగము చేసి సామ్రాజ్యాధికారమును లోపలినుండి చూచెను. ఆయన వర్ణించిన నిరంకుశత్వమునకు ఐరోపా నియంతలతోపాటు ఈ అనుభవమును మూలమనుటకు సందేహింప బనిలేదు. '1984' లోని నాయకుడు పాత పత్రికలను దిద్ది, నిన్నటి చరిత్రను నేటి ప్రభువుల కనుకూలముగా మార్చు ఉద్యోగి. మన దేశమునందును 1975 జూను 25 మొదలు 1977 మార్చి వఱకు సాగిన అత్యవసర పరిస్థితిలో పత్రికలపై ముందస్తు తనిఖీ విధింపబడినది. అధికారము ఎవరిదైనను వార్తను దిద్దగోరునని బాలుడు తెలిసికొనుట దేశభక్తికి విరోధము కాదు, దేశభక్తికి కావలి.

ఇక నేటి పాఠశాలలను చూతము. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును వారి ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబులను పంచినది. వానియందు పాఠములను సమకూర్చిన ప్రైవేటు సంస్థ 2024 లో దివాలా విచారణకు లోనైనది. ఆ 2022 లోనే ఉపాధ్యాయుల హాజరును ముఖమును గుర్తించు సెల్ ఫోను విధానముచే నమోదు చేయు పద్ధతి ప్రవేశపెట్టబడినది. వీనియందు మంచియును కలదు, చిక్కును కలదు. మేమిచట ఏ ప్రభుత్వమును తూలనాడబోము. 2017 ఆగస్టు 24 వ తేదీన సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్ల లోపు పిల్లల వివరములను వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలయునన్నది. అయితే ఆ సమ్మతిపత్రమున ఏమున్నదో చదివి గ్రహింపగల తల్లిదండ్రులు మన పల్లెలలో ఎందఱు? తమ ముఖము, వ్రేలిముద్ర, పరీక్ష మార్కులు ఎచ్చటికి పోవుచున్నవో అడుగుట పిల్లలకు ఎవరు నేర్పవలయును? ఆ నేర్పరితనమును చట్టములోని సెక్షనులకంటె ఒక మంచి కథ త్వరగా అలవరచును.

ఇందుకు దృష్టాంతము మన పాఠ్యపుస్తకములలోనే కలదు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి వారు 2006 లో ప్రకటించిన తొమ్మిదవ తరగతి ఆంగ్లవాచకము 'బీహైవ్' లో మొదటి పాఠము ఐజాక్ అసిమోవ్ 1951 లో వ్రాసిన 'ది ఫన్ దే హ్యాడ్' అను కథ. 2157 వ సంవత్సరమున పిల్లలు ఇంటియందే ఒంటరిగా యంత్రోపాధ్యాయుని ముందు కూర్చుందురు. ఒకనాడు పాత కాగితపు పుస్తకము దొరకును. పూర్వము పిల్లలందఱు ఒకే బడికి పోయి, మనుష్యుడైన గురువువద్ద కలసి చదివెడివారని చదివి ఆ బాలిక ఆశ్చర్యపడును. కథ మూడు నాలుగు పుటలే. అయినను 2020 లో కరోనా మూలమున బడులు మూతపడి సెల్ ఫోనులో పాఠములు విన్న పిల్లలకు దీని యర్థము విడమరచి చెప్పనక్కఱ లేదు. ఇట్టి కథను కూడ కఠినపదముల పట్టికగను, ఐదు ప్రశ్నల జవాబులుగను దించివేయు బడులు కలవు. ఆ దోషము కథది కాదు.

పిల్లలకు నిరాశ కలుగునని చెప్పు ఆక్షేపణ బరువైనది. దానిని తేలికగా త్రోయరాదు. '1984' ముగింపు చీకటి. అందు వీరుడు గెలువడు. హింసావర్ణనలు కలవు. దానిని పదమూడేండ్ల బాలునకు ఇచ్చుట తగదు. వానకు, ధరలకు, ఏనుగులకు, బోరుబావి యెండుటకు భయపడు ఇంటిలో పెరుగు బాలునకు మఱియొక భయమును తెచ్చి యిచ్చి ఊరకుండు ఉపాధ్యాయుడు అపకారి. అయితే పిల్లలు దుఃఖకథను సహింపలేరను మాట నిజము కాదు. హరిశ్చంద్రుని కాటికాపరితనమును, సీతమ్మ వనవాసమును, బాలనాగమ్మ చెఱను విని పెరిగిన జాతి మనది. కథలోని కష్టమునకు కారణము తెలిసి, దానిపై మాటలాడుటకు పెద్దవారు ప్రక్కనున్నపుడు భయము బుద్ధిగా మాఱును. ఏకాంతమున సెల్ ఫోనులో చూచినపుడే అది విషమగును.

మఱియొక ఆక్షేపణ: ఈ నవలలు రాజకీయ ప్రచారమునకు పనిముట్లని. ఇందులో సత్యము కలదు. 1954 నాటి 'యానిమల్ ఫారం' బొమ్మల చలనచిత్రమునకు అమెరికా గూఢచారి శాఖ ధనసహాయము చేసినది. ఒక నిరంకుశత్వమును ఖండించు పుస్తకమును వేఱొక బలవంతుడు తన ఆయుధముగా జేసికొనుట ఇట్లుండును. కావున బడిలో ఈ పుస్తకమును చేతబూని ఫలానా పార్టీ, ఫలానా నాయకుడు ఇందలి పందియే యని చూపు ఉపాధ్యాయుడు పాఠము చెప్పుట లేదు, ఎన్నికల ప్రచారము చేయుచున్నాడు. ప్రశ్న అన్ని పార్టీలకు వర్తింపవలయును. విద్యార్థి స్వయముగా వర్తింపజేసికొనవలయును.

పుస్తకమునకు భయపడిన ప్రభుత్వములు ఎట్లు చరిత్రలో చిన్నబోయినవో తెలుగువారికి చెప్పనేల? ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు రాయవేలూరు చెఱసాలలో రచించిన 'మాలపల్లి' 1922 లో వెలువడగా తెల్లదొరల ప్రభుత్వము నిషేధించినది. పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దానిని విద్యార్థులకు పాఠ్యముగా నిర్ణయింపగా 1936 లో మరల అడ్డుపడినది. 1937 లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదపగాని ఆ గ్రంథము స్వేచ్ఛగా వెలుగు చూడలేదు. నేడు ఆ యుత్తరువు చేసిన దొరల పేరులు ఎవ్వరికి దెలియవు. 'మాలపల్లి' తెలుగు సాహిత్యమున స్థిరముగా నున్నది.

ఇక బోధన రీతినిగూర్చి మా సూచనలు. మొదటిది వయస్సు. తొమ్మిదవ తరగతిలో అసిమోవ్ కథవంటి చిన్నకథ. పదవ తరగతి పిమ్మట 'యానిమల్ ఫారం'. ఇంటరుమీడియేటు దాటిన పిదపనే హక్స్‌లీ నవలయు, '1984' యును. రెండవది భాష. ఆంగ్లమున తడబడు బాలునకు ఆంగ్లముననే ఆలోచన చెప్పుట రెండు బరువులు ఒకేసారి ఎత్తుమనుట. 'యానిమల్ ఫారం' ఏనాడో తెలుగైనది. తక్కినవానిని చదువదగిన తెలుగున సరసమైన ధరకు అందించు పనిని 1997 లో కుప్పమున నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయము చేపట్టుట సముచితము. మూడవది పరీక్ష. ఈ పుస్తకములకు మార్కులుండరాదు, గైడులుండరాదు. పుస్తకములను తగులబెట్టు రాజ్యమును వర్ణించిన రే బ్రాడ్‌బరీ నవల 'ఫారన్‌హీట్ 451' (1953) చివర కొందఱు వెలివడిన మనుష్యులు ఒక్కొక్కరొక గ్రంథమును కంఠస్థము చేసి కాపాడుచుందురు. వేదమును, వేమన పద్యమును నోటనే నిలుపుకొన్న మనకు ఆ ఘట్టము మనస్సున నాటును. కాని మార్కులకై వల్లించి మఱునాడు మఱచు కంఠపాఠము వేఱు. స్వేచ్ఛను గూర్చిన పుస్తకమును బెత్తముతో వల్లెవేయించుటకంటె హాస్యాస్పదమైన పని మఱియొకటి లేదు.

నాల్గవది మిక్కిలి ముఖ్యము. చీకటికథ ప్రక్కన వెలుగుకథ యుండవలయును. రొకేయా సఖావత్ హుసేను అను వంగదేశపు వనిత 1905 లో 'సుల్తానాస్ డ్రీమ్' అను కథ వ్రాసెను. అందు స్త్రీలు రాజ్యమేలుదురు. సూర్యుని వేడిమిని పట్టి వంటకు వాడుదురు. మేఘములనుండి నీరు తీసికొందురు. అది మొట్టమొదట అచ్చయినది మదరాసున, మన రాజమహేంద్రవరపు ఆడుబిడ్డ కమలా సత్యనాథను గారు నడపిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' పత్రికలో. ఒక కథ జరుగరానిదానిని చూపును; వేఱొకటి జరుగదగినదానిని చూపును. రెండును చదివిన బాలుని కాలు ఒకచోట నిలువదు.

ఈ రెండు కథలు చదివించిన పిమ్మట పిల్లలచేత తమ యూరి కథ వ్రాయింపుడు. ఏబది యేండ్లకు బైరెడ్డిపల్లె ఎట్లుండును? ఉపేక్షించినచో ఎట్లు, జాగ్రత్తపడినచో ఎట్లు? వారు అంగారక గ్రహమునకు పోనక్కఱ లేదు. చేరువనే కోలారు బంగారుగనులు కలవు. 1880 ప్రాంతమున ఆంగ్ల కంపెనీ త్రవ్వకము సాగించినది. 1902 లోనే శివనసముద్రమునుండి విద్యుచ్ఛక్తి అచ్చటికి వచ్చినది. నేలలోనికి మూడు కిలోమీటర్లకు పైగా త్రవ్విరి. మన చిత్తూరు సీమనుండియు కూలీలు పోయి పని చేసిరి. 2001 ఫిబ్రవరి 28 వ తేదీన గనులు మూతపడినవి. మిగిలినవి మట్టిదిబ్బలును, పని పోయిన కుటుంబములును. వెలికి వచ్చినదెవరికి దక్కినది, క్రింద మిగిలినదెవరికి మిగిలినది అను ప్రశ్నను ఆ దిబ్బలు చూచిన బాలుడు నవల చదువకయే అడుగగలడు. బోరుబావి లోతును ఏటేట పెంచుచున్న మన రైతులు ఆ ప్రశ్నను కొంచెము ముందుగా అడుగుకొనుట మంచిది.

కుప్పము చెంత అగస్త్య అంతర్జాతీయ సంస్థ వారి ఆవరణమున పల్లెబడుల పిల్లలు శాస్త్రప్రయోగములను స్వహస్తములతో చేసి నేర్చుకొనుచున్నారు. ఇది హర్షదాయకము. యంత్రమెట్లు పనిచేయునో వారు నేర్చుచున్నారు. యంత్రమెవరికొఱకు పనిచేయవలయునో నేర్పునది సాహిత్యము. మొదటిదానికి ప్రయోగశాల వలె రెండవదానికి గ్రంథాలయము కావలయును. ఇంటిపన్నుతో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను మనమందఱము కట్టుచునే యున్నాము. అది గ్రంథాలయములకు చేరుచున్నదో లేదో, చేరినచో ఏ పుస్తకములు వచ్చుచున్నవో పంచాయతీ సభలో అడుగువారేరి? ఊరి పెద్దరైతులును, పట్టణములలోని విద్యావంతులును ఈ పని కాదనరాదు. ఒక్కొక్క ఉన్నత పాఠశాలకు పదేసి ప్రతులు కొనియిచ్చుట ఒక పెండ్లి బాణసంచా ఖర్చుకు చాలదు.

పెద్దలకు మా మనవి యొక్కటే. ఈ కథలు చదివిన పిల్లలు మిమ్ములను ప్రశ్నింతురు. ట్యాబులోని కన్ను ఎవరిదని, చెఱువు ఎవరు పూడ్చిరని, కూలివాని కొడుకు బడి యేల మానెనని అడుగుదురు. ఆ ప్రశ్నలకు కోపగింపక సమాధానము చెప్పుటకు సిద్ధపడి మఱి ఈ పుస్తకములను బడికి పంపుడు. సమాధానము చెప్పలేని చోట పిల్లలతో కలసి వెదకుడు. ప్రశ్నించు బిడ్డలు గల యూరిలో దుర్లోకము కాలు మోపుటకు జంకును.